ఊట నీళ్లు

బాలస్వామిని కాలువ గట్టు మీంచి తోసెయ్యడం కృపమణి కళ్లారా చూసింది.

అప్పుడామె తన మిరపచేలో కలుపు తీస్తోంది. గట్టు మీద మట్టి తవ్వే ప్రొక్లెయినరుకు అడ్డంగా నిలబడి ఆ ముసలాయన అరుస్తున్నాడు: "అడుగున సిమెంటు పోస్తే భూమిలోకి ఊట దిగదప్పా! మా బోర్లు ఎండిపోతాయి!"

కాలువ పని పట్టిన కాంట్రాక్టరు తేజేశ్వర్ సైగగా తల ఊపాడు. అతని మనుషులు ఇద్దరు బాలస్వామిని రెక్కలు పట్టి కిందికి తోసేశారు. ముసలాయన నడుము విరిగింది. తేజేశ్వర్ చేనువైపు తిరిగి చూశాడు. కృపమణి చెట్ల మధ్య ముడుచుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో బాలస్వామి ఎంత చెప్పినా, జారిపడ్డాడనే పోలీసులు రాసుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర ఊరంతా కూడింది.

"సర్కారు కోట్లు పెట్టి చేపిస్తాండాది. అడ్డం పడితే కేసులే," అన్నాడొకాయన.

"కింద ఊరోళ్లు కర్రలెత్తుకుని వస్తారంట. వాళ్ల నీళ్లు మనం ఆపుతాండామని తేజేశ్వర్ ఎక్కిచ్చినాడంట."

బాలస్వామి కూతురు స్తుతి లేచింది. "మా నాయన్ని తోసింది చూసినోళ్లు ఒక్కరూ లేరా?"

కృపమణి ముందుకొచ్చింది. "నేను చూసినా. శానా భయంగా ఉండాది పాపా. అయినా చూసినా."

ఆ మధ్యాహ్నమే కృపమణీ స్తుతీ నచ్చజెప్పడానికి కింద ఊరికి నడిచారు. కాలువ చివరున్న ఆ ఊరికి నీళ్లు సరిగా అందింది లేదు. చెన్నమ్మ అనే రైతు వాళ్ల మీదికి లేచింది.

"ఏండ్లకొద్దీ మా నీళ్లు తాగి, ఇప్పుడొచ్చి ఏడుస్తాండారా?"

"మీకూ నీళ్లు రావాలక్కా," అంది కృపమణి. "కాలవ ఎడల్పు చేయమని అందరం అడుగుదాం. మీకూ పారతాది, మా బోర్లూ బతుకుతాయి. సిమెంటు పోస్తే బాగుపడేది తేజేశ్వరే."

మగవాళ్లు పొమ్మని కసిరారు. తిరుగుదారి పొడుగునా వెనక ఎవరో వస్తున్నట్టే అనిపించింది కృపమణికి.

మర్నాడు పొద్దున్నే సిమెంటు పని ఆపడానికి ఊరు ఊరంతా ఎండిన కాలువలోకి దిగి కూర్చుంది. ప్రొక్లెయినరు తొట్టి నెత్తిన ఊగుతోంది. మన్ను తలల మీద రాలుతోంది. అంతలో కింద ఊరి వైపు దుమ్ము లేచింది. ట్రాక్టర్లు!

"వచ్చినారు! పరిగెత్తండి!"

కొందరు గట్టెక్కి పారిపోయారు. కృపమణీ లేవబోయింది. మళ్లీ కూర్చుంది.

మొదటి ట్రాక్టరులోంచి చెన్నమ్మ దిగింది. గట్టు జారుకుంటూ వచ్చి కృపమణి పక్కన చతికిలబడింది. "జరుగు. రాత్రి మా ఊర్లో దీని మీదే కొట్లాడుకున్యాం. మాకూ ఎడల్పే కావల్ల." ఆమె వెనకే ఆ ఊరి జనమంతా దిగారు.

కాసేపటికి పోలీసు జీపు వచ్చింది.

"బాలస్వామిని తోసినారని పుకారు లేపింది ఎవురు?" ఎస్సై గద్దించాడు.

కృపమణి ధైర్యం కూడదీసుకుని లేచింది. "నేనే సార్. ఆయప్ప జారిపడలే. తేజేశ్వర్ మనుషులు తోసినారు."

ఆమెను గట్టు మీదికి ఈడ్చి జీపెక్కించారు. స్టేషను గడప ఎరగని మనిషి. అక్కడ ఏం చేస్తారో ఆమెకు తెలియదు. ఇంజను మోగింది గానీ జీపు కదల్లేదు. చక్రాల ముందు చెన్నమ్మ కూర్చుని ఉంది. ఆమె వెనక స్తుతి. వాళ్ల వెనక రెండు ఊళ్లు. జనంతో గట్టు దారే కనపడడం లేదు.

"లెయ్యండి! తొక్కిస్తా!" ఎస్సై అరిచాడు.

కృపమణి జీపు కమ్మీ పట్టుకుని బయటికి వంగింది. "కాలవ ఎడల్పు చేయాల! సిమెంటు వద్దు!"

రెండు ఊళ్ల గొంతులూ ఆ మాట అందుకున్నాయి. ఎస్సై తొక్కించమన్నాడు. డ్రైవరు జనం వైపు చూసి ఇంజను ఆపేశాడు.