ఎఱ్ఱకారు బేరము

శరత్కాల ప్రభాతము. వానలు వెలిసి నాలుగు దినములైనను తడియాఱని తూర్పుకనుమల శిఖరములపై ధవళమేఘశకలములు ఆరవేసిన పంచెలవలె వ్రేలాడుచుండగా జీడిమామిడితోపులమీదుగా వచ్చు పిల్లగాలి మన్నెవరము దివాణపు ముంగిట పారిజాతములను రాల్చుచుండగా లేయెండ మెల్లమెల్లగా వసారా మెట్లెక్కుచుండెను. ఆ యెండలో పైకప్పు వెనుకకు మడచిన దీర్ఘకాయమగు మోటారుశకటమొకటి నిలిచియుండెను. ఆంగ్లదేశమున పుట్టి సముద్రములు దాటివచ్చి ఒకప్పుడు మద్రాసునుండి కలకత్తావఱకు అలుపెఱుగక పరుగిడిన ఆ బెంట్లీకారును రాజావారు ప్రాణసమానముగ చూచుకొనెడివారు. వారు స్వర్గస్థులై పదునాలుగేండ్లయ్యెను. నేడు దానిని కొనవచ్చినవారు రహదారులశాఖలో ముప్పదియేండ్లు కొలువుచేసి విశ్రాంతినొందిన ఇంజనీరు పేరి వాగీశ్వరరావుగారు.

ఈ మహాశయుని కోరిక నేటిది కాదు. యౌవనమున కొండదారికి గొలుసుపట్టి కొలతలు వేయించుచున్న దినములలో రక్తవర్ణమున ధగధగలాడుచు ఆ కారు తన్ను దాటిపోగా ఆయన మనస్సు కూడ దానివెంట పోయెను. పోయినది మరల రాలేదు. తాను వేసిన ఘాటురోడ్డుపై ఆ కారును ఒక్కమాఱు స్వహస్తములతో నడపవలెను! ఇంతే. అయ్యో, ఇప్పుడా కోరికకు గడువొకటి ఏర్పడినది. రెండుమాసముల క్రిందట మద్రాసు నేత్రవైద్యుడు ఈ చలికాలము దాటునప్పటికి చూపు నిలువదని తేల్చిచెప్పెను. ఆ మాటను ఇంజనీరుగారు తన ధర్మపత్నియగు త్రిపురాంబగారికి సైతము చెప్పక కడుపులో దాచుకొనెను. చెప్పినచో కారెక్కనిత్తురా? పైగా కారు కొనువాడు తనయెదుట నడిపిచూపవలెననియు చేతగానివానికి అమ్మబోననియు రాణీగారు ముందే కబురంపియుండిరి.

బేరము ఒక్కమాటతో తెగినది. రాణీగారు వసారాలో కుర్చీయందాసీనురాలై తాళపుచెవి ఇప్పించిరి. వాహనము చేతులు మాఱునపుడు పూజ చేయకుండ కదలించుట మనవారికి ప్రాణాంతకము గదా! దివాణపు డ్రైవరు సన్యాసి నాలుగు చక్రములక్రింద నాలుగు నిమ్మకాయలుంచి కొబ్బరికాయ చేతబట్టెను. భర్తవెంట వచ్చిన త్రిపురాంబగారు భరిణ తెఱచి అనామికను కుంకుమలో ముంచి కారు ముఖభాగమును సమీపించిరి.

“కుంకుమెందుకే? ఎరుపు మీద ఎరుపు ఏం కనబడుతుంది! పసుపు పెట్టు” అని వాగీశ్వరరావుగారు ఉత్సాహముతో పలికిరి.

సన్యాసి ఎత్తిన చేయి ఎత్తినట్లే నిలిచిపోయెను. ఏలయన ఆ కారు ఎఱ్ఱనిది కాదు. రాజావారు గతించిన యేడాదియే రాణీగారు నుదుట కుంకుమ చెఱిగిన తనకు కుంకుమవన్నె వాహనమేమిటని ఆపాదమస్తకము ముదురునీలము పూయించిరి. పూయించియు ఒక్కనాడైన దానిని ఎక్కలేదు. ఈ సంగతి ఇంజనీరుగారికి ఎవరును చెప్పలేదు. చూపున్నవానికి చెప్పవలసిన పనియేమి? పదడుగుల దూరముననున్న నీలము ఆయనకొక నల్లని ముద్దగా తోచెను. ఆ ముద్దకు రంగు పూసినది జ్ఞాపకము.

త్రిపురాంబగారు వ్రేలు తుడుచుకొని పసుపే పెట్టిరి. రాణీగారు ఆయనను చూడలేదు. ఈమెనే చూచిరి.

“ఇంజనీరుగారూ, కారు రంగేమిటో మరోసారి చెప్పండి.”

వాగీశ్వరరావుగారికి సర్వమును బోధపడెను. బొంకుటకు మనసు రాక ఆయన తల వాల్చెను.

“ఎరుపనుకున్నానండి. కాదన్నమాట. చూపు పోతోందండి రాణీగారూ. ఒక్కసారి ఘాటెక్కి దిగితే చాలనుకున్నాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు.”

“నాకు తెలుసునండీ” అనిరి త్రిపురాంబగారు. “ఉగాది నుంచీ తెలుసు. మజ్జిగ గ్లాసులో కాకుండా పక్కన పోస్తూంటే తెలీదా?”

“తెలిసి ఎందుకొచ్చావే?”

“పక్కన కూచుందామని. ఏదైనా అయితే ఇద్దరికీ అవుతుంది.”

తన ప్రాణమును తూచి ఇది పోయిన పోవుగాకయని తెగించిన ఆ పెద్దమనిషి పక్కపీటమీద మఱియొక ప్రాణము కూర్చుండునని తలపనే లేదు. సిగ్గును దుఃఖమును ఒక్కుమ్మడి ముంచుకొనిరాగా తడుముకొనుచు మెట్లెక్కి తాళపుచెవిని రాణీగారి ముందుంచెను.

“నేను నడపనండి. ఇది మీ దగ్గరే ఉంచండి.”

రాణీగారు ఆ నీలపుబండివంక చాలసేపు చూచిరి. “రంగు మార్పిస్తే బెంగ తీరుతుందనుకున్నాను. తీరలేదు” అనిరి. ఆమె కన్నులు చెమ్మగిల్లెను. “కారు మీదే. కాని మీరు ముందు కూచోకూడదు. సన్యాసీ, నువ్వు తోలు.”

“సిత్తం, అమ్మగోరూ.”

కొబ్బరికాయ పగిలెను. నిమ్మకాయలు చితికెను. దంపతులు వెనుకపీటమీద కూర్చుండగా కారు గంభీరముగ గర్జించి దివాణపు ద్వారము దాటి ఘాటురోడ్డు పట్టెను. పిమ్మట ఆయన గాలికి మొగమొడ్డి భార్యచేయి వెదకి పట్టుకొనెను.

“ఏం కనిపిస్తోందే?”

నలుబదియేండ్ల కాపురములో ఆమె ఏనాడును వాచాలురాలు కాదు. “జీడితోట. ఎడంపక్క. గొర్రెలడ్డొచ్చాయి... నల్లదొకటి కదలదే! ఆఁ, కదిలింది. కింద ఏరు. నిండుగా ఉందండీ, ఒడ్డున ఎవరో చీరలారేశారు, ఒకటి పచ్చది, ఒకటి...” తొలిమలుపువఱకు ఆమె మాటలు తడబడెను. పిమ్మట తడబడలేదు. కారు కొండనెక్కుచుండెను. ఆమె చెప్పుచుండెను. ఆయన చూచుచుండెను.