ఏడు గంటల వార్తల్లో పెదవులు

బొల్లారంలో బట్టలు కుట్టే దేవమ్మకు పదేళ్ల కిందట జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటినుంచి ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. రోజూ సాయంత్రం ఏడింటికి మిషన్ ఆపి, కేబుల్ వాళ్ల లోకల్ వార్తలు కూడా అలాగే చూసేది. నెల రోజులుగా అవి అర్థం కావడం లేదు.

ఫిర్యాదు చేస్తే బాక్సు మార్చారు, వైరు మార్చారు. లాభం లేకపోయింది. చివరికి కేబుల్ కంట్రోల్ రూమ్ చూసే ఇంజనీరు రాఘవేందర్ వార్తల వేళకు స్వయంగా వచ్చాడు. మీటరు పెట్టి చూస్తే సిగ్నల్ నిండుగా ఉంది.

"బొమ్మ మంచిగనే ఉంది కదమ్మా," అన్నాడు ఆమెకు ఎదురుగా నిలబడి, నెమ్మదిగా.

అతను పెట్టిన సౌండును దేవమ్మ రిమోట్‌తో తీసేసింది. "ఇప్పుడు నువ్వు సుత నా లెక్కనే చూడు బిడ్డా. ఆమె ఏమంటుందో చెప్పు."

వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిచినప్పుడల్లా పెదవుల చుట్టూ చిన్న చిన్న గళ్లు లేచి అలుక్కుపోతున్నాయి. అతనికి ఒక్క మాటా తెలియలేదు. ఇన్నాళ్లూ వింటూ చూశాడు కాబట్టి అది కంటికి ఆనలేదు.

కారణం అతనికి తెలుసు. పన్నెండు చానళ్లు హాయిగా పోయే ఫ్రీక్వెన్సీలో పోయిన నెల తనే పదహారు ఇరికించాడు. ఒక్కోదాని వాటా తగ్గింది. వెనక కదలని గోడ బాగానే కనిపిస్తుంది, కదిలే పెదవి చెదిరిపోతుంది.

మర్నాడు సాయంత్రం యజమాని కల్పలతకు చెప్పాడు.

"కొత్త చానళ్లు తీసేస్తే జనం ఊకుంటరా? ఒక్కామె కోసం అంటే ఎట్ల?" అందామె.

రాఘవేందర్ కంట్రోల్ రూమ్ టీవీలో సౌండు తీసేసి వార్తలు పెట్టాడు. కల్పలత కుర్చీ ముందుకు లాక్కుని చాలాసేపు చూసింది.

"నాకేం తెలుస్తలేదు. ఏం చేద్దాం మరి?"

"వార్తలొచ్చే అరగంట పాటల చానళ్ల నుంచి జెర తీసి దీనికిస్తా మేడం. అవి గంతసేపు మసకగుంటయి."

"ఫోన్లు వస్తయి."

"వస్తయి."

"ఇయ్యి. నేను మాట్లాడుకుంట."

ఫోన్లు వచ్చాయి. అరగంట ఓర్చుకోమని కల్పలత అందరికీ నచ్చజెప్పింది. ఒకాయన వినలేదు, కనెక్షన్ తీయించుకున్నాడు.

శుక్రవారం వార్తల వేళకు రాఘవేందర్ వెళ్లి టీవీ పక్కన నిలబడేసరికి దేవమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. వార్త పూర్తయ్యాక వాకిట్లోకి నడిచి పక్కింటి రోసమ్మను కేకేసింది.

"రేపు, ఎల్లుండి నల్లా రాదంట. ఇప్పుడే బిందెలు నింపుకో."