అడ్డగీత

పొద్దున ఆరున్నరకి కండక్టరమ్మ బాల్కనీలోకి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, కింద రోడ్డును ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసి, లోపలికి కేకేస్తుంది.

"ఇవాళ మందుల షాపు ముందు!"

వంటింట్లోంచి కోడలు "ఆఁ" అంటుంది. కింది వాటావాళ్ళు కూడా వినేసి, బడికెళ్ళే పిల్లలకు ఎటు నడవాలో చెప్పుకుంటారు.

ఆమె చెప్పేది చారల గురించి. రోడ్డు దాటడానికి వేస్తారే, ఆ తెల్ల చారలు. ఆ ఆరు వరసల రోడ్డు మీద అవి ఒక్కచోట ఉండవు. నిన్న బడి గేటు ముందుంటే ఇవాళ మందుల షాపు ముందు, రేపు బట్టల ఫ్యాక్టరీ ముందు. తెల్లారేసరికి చోటు మార్చేసి, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటాయి. మొదట్లో పెయింటర్లు వచ్చి పాతచోట కొత్తవి వేసేవాళ్ళు. ఆ కొత్తవి కూడా లేచి వెళ్ళి పాతవాటిలో కలిసిపోయేవి. అలా ఏడు చారలు పదకొండయ్యాక పెయింటర్లు రావడం మానేశారు. బండ్లవాళ్ళు తిట్టుకుంటూనే చారలు కనపడ్డచోట ఆగుతారు. జనం వాటిని వెతుక్కుంటూ వెళ్ళి దాటుతారు. కుళాయి ఎప్పుడొస్తుందని అడిగినట్టే "ఇవాళ చారలెక్కడ?" అని అడుగుతారు. అంతకు మించి మాట్లాడుకోవడానికి అందులో ఏముంది?

కండక్టరమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టింది. రిటైరయ్యాక కిడ్నీలు కూడా రిటైరయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఇంటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డవతల ఉన్న డయాలసిస్ సెంటర్‌కి వెళ్ళి నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకుని వస్తుంది. ఒక్కతే వెళ్తుంది. "ఊరంతటినీ ఎక్కించి దించినదాన్ని, నన్నొకరు దాటించాలా?" అంటుంది. కొడుకు గూడ్సు రైలు నడుపుతాడు, ఇంటికి ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. ఇంట్లో ఉండేదల్లా అత్తాకోడళ్ళే.

కోడలిది నగర రవాణా ప్లానింగు ఆఫీసులో సర్వే ఉద్యోగం. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని పోయే బండ్లనీ మనుషులనీ లెక్కపెట్టడమే పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఏటవాలుగా ఒకటి, అది ఐదు. పన్నెండేళ్ళుగా గీతలు గీసీ గీసీ ఆఫీసులో ఆమె పేరే గీతలక్క అయిపోయింది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ గీతలక్కకే ఒక మంగళవారం ఆఫీసులో తమ వీధి గురించిన ప్లాను కంటబడింది. రోడ్డు మధ్యలో పొడుగునా, రెండు కిలోమీటర్లు, నడుమెత్తు ఇనుప కంచె. దాటాలంటే చివర జంక్షన్ దగ్గర అరవై నాలుగు మెట్ల వంతెన. కారణం కింద రాసి ఉంది: ఈ రోడ్డును దాటువారి సంఖ్య, సున్నా.

సున్నా! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కాగితం పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇది సున్నా కాదు. నేను వేసింది అడ్డగీత."

"అడ్డగీత అంటే?"

"లెక్కపెట్టలేదని సార్. మన ఫారంలో దాటే చోటు అంటే నీళ్ళ ట్యాంకుల గోడ ముందు. పదకొండేళ్ళ కిందట చారలు మొదట వేసింది అక్కడ. ఒక్కరోజు కూడా అవి అక్కడ నిలబడలేదు. చారలు లేనిచోట ఎవర్ని లెక్కపెట్టమంటారు? అందుకే గడిలో అడ్డగీత పెట్టాను."

"లెక్కపెట్టకపోతే ఎంతమంది ఉన్నట్టు?"

"తెలీనట్టు."

"తెలీదు అని కొట్టడానికి కంప్యూటర్‌లో మీట లేదమ్మా. అంకెలే తీసుకుంటుంది. టైపు చేసే అమ్మాయి సున్నాలు చేసేసింది. ఆవిడ తప్పు కూడా లేదు."

"మరి తప్పెవరిది సార్?"

పెద్దసారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కిటికీలోంచి చూశాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈ మంచివాళ్ళతోనే ప్రాణం విసిగిపోతుంది.

"చారలు ఎక్కడుంటే అక్కడ కూర్చుని లెక్కపెడతాను సార్. ఒక్క రోజు ఇవ్వండి."

"కాగితంలో గోడ అని ఉంది. గోడ దగ్గరే లెక్కపెట్టాలి. చారలు తిరిగితే అది చారల తప్పు, కాగితం తప్పు కాదు." జాలేసి అన్నాడు, "సరే, శుక్రవారం గోడ ముందు మళ్ళీ సర్వే పెట్టుకో. గంటకు మూడొందల మంది దాటితే కంచె గురించి మళ్ళీ ఆలోచిద్దాం."

"అక్కడ చారలుండవు సార్. ఎవరూ దాటరు."

"దాటకపోతే సున్నా కరెక్టే కదమ్మా."

ఇంటికొచ్చి గీతలక్క జరిగిందంతా చెబుతూ గిన్నెలు దబదబా పెట్టింది. అత్తగారు కుర్చీలో కూర్చుని అంతా విన్నది, మధ్యలో ఒక్క మాటా అడ్డం వెయ్యకుండా. అది ఆమెకు కొత్త.

"అమ్మాయ్, ఆ చారలు ఎందుకు తిరుగుతాయో ఎప్పుడైనా చూశావా?"

"నాకు బండ్లు లెక్కపెట్టడానికే టైము చాలదు అత్తయ్యా."

"అయిదేళ్ళుగా బాల్కనీలో నాకదే పని. మొన్న ఫ్యాక్టరీ ఆడపిల్లలు చారలదాకా నడిచే ఓపిక లేక, వాకిట్లోనే ముప్పావుగంట నిలబడి తిట్టుకున్నారు. తెల్లారేసరికి చారలు అక్కడ. అంతకుముందు మందుల షాపు ముందు ఒక ముసలాయన. ఎవరు ఎక్కువ విసిగిపోతే వాళ్ళ దగ్గరికొస్తాయి. దాటేస్తే మాత్రం రావు. దాటకుండా, అక్కడినుంచి కదలకుండా విసుక్కోవాలి."

"అయితే?"

"అయితే ఏముంది? విసుక్కోవడంలో నన్ను మించినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా?"

గురువారం పొద్దున కండక్టరమ్మ ప్లాస్టిక్ కుర్చీ మోయించుకుని వెళ్ళి ఏడొందల మీటర్ల అవతల, ఆ బోడి గోడ ముందు కూర్చుంది. సాయంత్రం దాకా సణిగింది. రోడ్డు వేసినవాణ్ణి, హారన్ కనిపెట్టినవాణ్ణి, చిల్లర ఇవ్వకుండా దిగిపోయిన పాతికేళ్ళనాటి ప్రయాణికుణ్ణి, ఎవర్నీ వదల్లేదు. ట్రాఫిక్ పోలీసు వచ్చి "దాటిస్తాను రండమ్మా" అన్నాడు. "దాటడానికి రాలేదు నాయనా, విసుక్కోవడానికొచ్చా" అంది. అతనికి అర్థమై, ఎండ పడకుండా తన గొడుగు ఆమె కుర్చీకి కట్టి వెళ్ళాడు.

శుక్రవారం తెల్లారేసరికి చారలు గోడ ముందున్నాయి.

కబురు పాకిపోయింది. రెండు కిలోమీటర్ల పొడుగునా రోడ్డు దాటవలసినవాళ్ళంతా ఎప్పట్లాగే చారలు వెతుక్కుంటూ అక్కడికే వచ్చారు. బడిపిల్లలు, ఫ్యాక్టరీవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు, ఆసుపత్రికి పోయేవాళ్ళు. గీతలక్క తలెత్తలేదు. నాలుగు నిలువు గీతలు, ఒక ఏటవాలు గీత. ఒక పెన్ను అయిపోయింది, రెండోది తీసింది. తొమ్మిదిన్నరకి కండక్టరమ్మ చేతిసంచీతో వచ్చి, కోడలి వైపు చూడకుండా, ఎవరో తెలియనట్టు దాటింది. ఆమె ఒక ఏటవాలు గీత అయింది. అక్కడినుంచి సెంటర్‌కి ఏడొందల మీటర్లు ఆగి ఆగి నడిచింది.

ఆ గంటలో ఆరువందల పద్నాలుగు మంది. పెద్దసారు స్వయంగా వచ్చి చూసి, కాగితం మీద సంతకం పెట్టి, "శభాష్" అన్నాడు. గీతలక్క చాలా ఏళ్ళ తర్వాత ఆ రోజు ఆఫీసు నుంచి నవ్వుతూ ఇంటికొచ్చింది.

నెల తిరక్కుండా కంచె వచ్చింది.

ఇనుప కడ్డీలు లారీల్లో దిగాయి, మనుషులు దిగారు, మూడు రోజుల్లో రోడ్డు మధ్య గోడ కట్టినట్టు నిలబెట్టేశారు. ఒక్కచోట మాత్రం నాలుగు మీటర్లు వదిలేశారు. నీళ్ళ ట్యాంకుల గోడ ముందు.

"నీ లెక్కే కదమ్మా!" అన్నాడు పెద్దసారు, నిజంగానే సంతోషంగా. "గోడ దగ్గర ఆరువందల పద్నాలుగు మంది. అందుకే అక్కడ సందు వదిలించాను. ఎంత కొట్లాడానో తెలుసా? మిగతాచోట్ల నువ్వేమీ చూపించలేదుగా."

తప్పుడు లెక్క వేసినా గీతలక్క ఇంత బాధపడేది కాదు. నిజం లెక్క వేసి, తన గీతలతో తనే అత్తగారికి అడ్డం కట్టింది.

చారలు యథాప్రకారం తిరుగుతూనే ఉన్నాయి. బడి ముందుకొచ్చాయి, ఫ్యాక్టరీ ముందుకొచ్చాయి. జనం వాటి మీద సగం దూరం నడిచి, ఎదురుగా ఇనుము చూసి, వెనక్కి తిరిగారు. గోడ దగ్గర సందు ఉంది గానీ అక్కడ చారలు లేవు, చారలు లేనిచోట ఏ లారీవాడు ఆగుతాడు? శుక్రవారం కండక్టరమ్మ ఆ సందు ఎదుట నలభై నిమిషాలు నిలబడింది. ఒక్కడూ ఆగలేదు. ఆఖరికి ఆటో ఎక్కితే, అది ట్రాఫిక్‌లో పడి జంక్షన్‌లో తిరిగి వచ్చేసరికి గంటంబావు. మిషన్ వేరేవాళ్ళకు ఇచ్చేశారు.

"సోమవారం రండి" అన్నారట.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కూర్చుంది. పాదాలు పొంగి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయి ఉన్నాయి.

"ఇక చాలమ్మాయ్" అంది. "సోమవారమూ ఇంతే, ఆ పై సోమవారమూ ఇంతే. లాస్ట్ ట్రిప్ అయిపోయిందనుకుందాం."

"అలా మాట్లాడకండి అత్తయ్యా."

"డిపోకి పోయే బస్సును ఎంతసేపు ఆపుతావు చెప్పు?"

శనివారం ఆమె బాల్కనీలోకి రాలేదు. ఆదివారమూ రాలేదు. చారలెక్కడున్నాయో కింది వాటావాళ్ళు పైకి వచ్చి అడిగితే "నాకేం తెలుసు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం గీతలక్క కిందికి దిగింది. కుర్చీ తీసుకెళ్ళలేదు. ఇంటి ముందు రోడ్డంచున, డయాలసిస్ సెంటర్‌కి ఎదురుగా నిలబడింది. కాగితం లేదు, పెన్ను లేదు. పన్నెండేళ్ళలో లెక్కపెట్టకుండా ఆమె రోడ్డును చూడటం అదే మొదలు.

మొదట్లో విసుక్కోవడం కూడా చేతకాలేదు. అలవాటుగా బండ్లు లెక్కలోకి వచ్చేస్తున్నాయి. రెండు బస్సులు, పదకొండు కార్లు. ఛీ, అనుకుంది. ఆ ఛీతో మొదలైంది. గడిలో అడ్డగీతను సున్నా చేసిన మిషన్‌ని తిట్టింది. దాన్ని కొన్నవాళ్ళను తిట్టింది. కంచె వేస్తే ఒక్కో బండికి నలభై సెకన్లు మిగులుతాయని ప్లానులో రాసినవాణ్ణి, మిగిలిన ఆ నలభై సెకన్లూ ఏం చేసుకుంటార్రా అని పైకే అడిగింది. పెద్దసారు మంచితనాన్ని తిట్టింది. పన్నెండేళ్ళుగా పక్కన కూర్చుని గీతలు గీయడమే తప్ప ఒక్కరోజైనా లేచి అడగని తనను తిట్టుకుంది. అక్కడికొచ్చేసరికి ఏడుపొచ్చేసింది. దారినపోయేవాళ్ళు చూసి, ఏమిటని అడక్కుండా, పక్కకు తప్పుకుని నడిచారు. కాళ్ళు పీక్కుపోయాయి. వీధి దీపాలు వెలిగేదాకా అక్కడినుంచి కదల్లేదు.

సోమవారం ఆరున్నరకి బాల్కనీలోకి వెళ్ళింది గీతలక్కే.

చారలు ఇంటి కిందే ఉన్నాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, సెంటర్ గుమ్మానికి సూటిగా. ఎదురుగా కంచె కడ్డీలు అటు సగం ఇటు సగం జరిగి, బస్సులో జనం సర్దుకున్నట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఇరుకిరుగ్గా నిలబడ్డాయి. మధ్యలో నాలుగు మీటర్ల సందు. ఏడొందల మీటర్ల అవతల, గోడ ముందు సందు మూసుకుపోయి ఉంది.

"అత్తయ్యా!" అని కేకేసింది. "ఇవాళ మన ఇంటి ముందు! సందు కూడా తెచ్చుకున్నాయి!"

చాలాసేపటికి మంచం కిర్రుమంది. కండక్టరమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, కిందికి చూసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు లోపలికి జరగండి జరగండి అని గొంతు చించుకున్నాను. ఒక్కడూ జరగలేదు. ఇనుము నయం" అంది. తర్వాత, "నా చేతిసంచీ ఎక్కడ పెట్టావు?" అంది.

తొమ్మిదిన్నరకి ఇద్దరూ దిగారు. కోడలు చెయ్యి పట్టుకోబోతే ఆమె విదిలించుకోలేదు. చారల మీద అడుగు పెట్టగానే బండ్లు ఆగడం మొదలెట్టాయి. సరిగ్గా సందు మధ్యకు వచ్చేసరికి గీతలక్క ఫోను మోగింది. పెద్దసారు.

"ఏమిటమ్మా, గోడ దగ్గర సందు లేదంటున్నారు! పై ఆఫీసు నుంచి ఫోను. సందు ఎక్కడుందని రాయను? చోటు గడిలో ఏదో ఒకటి ఉండాలి కదా!"

గీతలక్క అటూ ఇటూ సర్దుకుని నిలబడ్డ కడ్డీలను చూసింది. పక్కన ఆయాసపడుతూ అడుగు తీసి అడుగు వేస్తున్న అత్తగారిని చూసింది.

"అడ్డగీత పెట్టండి సార్" అని ఫోను పెట్టేసింది.

అవతలి గట్టు ఎక్కాక కండక్టరమ్మ ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగి, ఆరు వరసల్లో ఆగి ఉన్న బండ్లన్నిటికీ చెయ్యి ఊపింది.

"రైట్... రైట్!"