రాడ్ల డబ్బా

నాకు ముక్కు మీద కోపం. దాన్ని భరించి నాకు పని నేర్పిన మనిషి లోకంలో ఒక్కడే, మా బాబాయ్. గేట్లు, మెట్ల రెయిలింగులు చేసే షెడ్డు ఆయనది. పదకొండు నెలల కిందట నా చేతిలో వెల్డింగ్ హోల్డర్ పెట్టి, "ఈ ప్లేటు మీద ఒక గీత గియ్యి చూద్దాం" అన్నాడు. గీత సంగతేమో గానీ, ప్లేటంతా నిప్పురవ్వలు చిమ్మి చుక్కలు చుక్కలుగా గట్టిపడ్డాయి. ఆ రోజు నుంచి షెడ్డులో నా పేరు చుక్కలమ్మ.

మొదట్లో వెల్డింగ్ రాడ్, అదే, కరిగి అతుకయ్యే కడ్డీ, ప్లేటుకి అతుక్కుపోయేది. పీకినకొద్దీ మొండికేసేది. "దాంతో కుస్తీ ఎందుకే? మణికట్టు తిప్పు, అదే వదుల్తుంది" అనేవాడు బాబాయ్. మూడో నెలకి పని పట్టుబడింది. ఆరో నెలకి ఆయన కంటే నా అతుకే సాపుగా వచ్చేది. ఎవరైనా మెచ్చుకుంటే, "మా అన్న కూతురు మరి!" అని మురిసిపోయేవాడు. మురిసిపోతున్నాడనే అనుకున్నాను.

బాయిలర్లు చేసే ఫ్యాక్టరీలో టెస్టు పెట్టారు. రెండు మందపాటి ప్లేట్లు అతికి ఇస్తే, వాళ్ళు మెషీన్లో పెట్టి వంచుతారు. అతుకు విచ్చకపోతే ఉద్యోగం. రాడ్లు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. అలాంటి పనికి వాడే రాడ్లకి తేమ పడదు. గంటల తరబడి ఓవెన్లో కాల్చి, వేడి డబ్బాలో పెట్టి, పని మొదలుపెట్టేదాకా మూత తీయకూడదు. తేమ తగిలిందా, అతుకు పైకి నున్నగానే ఉంటుంది, లోపల మాత్రం అన్నీ బెజ్జాలే.

"రాడ్ల సంగతి నాకొదిలెయ్యి. నువ్వు చెయ్యి వణక్కుండా చూసుకో చాలు" అంటూ నా కళ్ళెదుటే కొత్త ప్యాకెట్ విప్పి ఓవెన్లో పెట్టాడు బాబాయ్. మర్నాడు పొద్దున వేడి వేడి డబ్బా చేతికిచ్చాడు. మూత తీయకూడదన్నారు కదా, తీయలేదు.

టెస్టులో చిటపటలు ఎక్కువగా వినిపిస్తే నా కంగారేలే అనుకున్నాను. అతుకు అందంగానే వచ్చింది. మెషీన్ వంచుతుంటే సగంలోనే నోరు తెరిచింది. నా ప్రాణం అక్కడే పోయింది.

టెస్టు పెట్టిన పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఆ పగులు చాలాసేపు చూశాడు. "చెయ్యి మంచిదేనమ్మా. రాడ్లే తడివి. ఓవెన్ మొహం చూసినట్టు లేవు. ఎవరిచ్చారు నీకు?"

నేను డబ్బా వంక చూశాను.

"షెడ్డువాళ్ళు ఇస్తే చెప్పు. అదే రాసుకుని, సాయంత్రంలోపు మా రాడ్లతో మళ్ళీ టెస్టు పెడతాను. నువ్వే తెచ్చుకున్నావా, అది నీ అజాగ్రత్త. రెండేళ్ళదాకా నిన్ను ఈ గేటు లోపలికి రానివ్వరు."

ఓవెన్ పాడైందేమో, బాబాయ్ పెద్దవాడు, చూసుకోలేదేమో అనుకున్నాను. షెడ్డు పేరు చెడితే ఈ ఫ్యాక్టరీ నుంచి ఆయనకొచ్చే చిన్నాచితకా పనులు ఆగిపోతాయి. పని నేర్పిన మనిషిని ఎలా పట్టిస్తాను?

"నేనే తెచ్చుకున్నానండీ" అన్నాను.

పెద్దాయన నా పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు.

దారి పొడుగునా బాబాయ్‌ని ఎలా ఓదార్చాలా అని ఆలోచిస్తూనే వచ్చాను, పిచ్చిదాన్ని. ఆయన షెడ్డులో, సగం చేసిన గేటు ముందు కూర్చుని కొలతలు వేస్తున్నాడు. పాసయ్యావా అని అడగలేదు.

"రాడ్లు నేనిచ్చానని చెప్పావా?" అన్నాడు.

"లేదు."

హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. "బంగారుతల్లివి" అన్నాడు.

రాడ్ల గొడవ ఈయనకెలా తెలుసు? వెళ్ళి ఓవెన్ తలుపు తీశాను. నిన్న పెట్టిన రాడ్లు ఒక్కటీ తగ్గకుండా లోపలే ఉన్నాయి, ఇంకా వేడిగా. కుళాయి పక్కన ఎప్పట్నుంచో విప్పి పడేసిన పాత రాడ్ల ప్యాకెట్ మాత్రం ఇప్పుడు ఖాళీ.

"ఎందుకు బాబాయ్?"

"నువ్వెళ్ళిపోతే ఈ గేట్లన్నీ ఎవరు అతుకుతారే? నాకు చూపు ఆనడం లేదు. ఉండమంటే ఉండేదానివా?"

"అడిగి చూడాల్సింది."

"అక్కడ నువ్వు వందమందిలో ఒకదానివి. ఇక్కడైతే..."

 పరాయివాడైతే నాలుగు తిట్టి దులిపేసుకునేదాన్ని. ఈయన నాకు పని నేర్పాడు, ఆ పని నాకు దక్కకుండా చేశాడు, పైగా అందుకు కావలసిన అబద్ధం నా నోటితోనే ఆడించుకున్నాడు.

"టెస్టు పెట్టినాయన సాయంత్రందాకా ఉంటాడు. నాతో రా. రాడ్లు మార్చింది నేనేనని ఒక్క మాట చెప్పు. సెలవు రోజుల్లో వచ్చి నీ గేట్లన్నీ నేనే అతుకుతాను. ఒట్టు" అన్నాను. నా గొంతు అంత దీనంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

బాబాయ్ నా వంక చూశాడు. వస్తాడనే అనుకున్నాను. వెల్డింగ్ మాస్కు మొహం మీదికి దించుకుని, రాడ్ గేటుకి తాకించాడు. ఆ మెరుపు కళ్ళని కాల్చేస్తుంది కాబట్టి, పక్కవాళ్ళు కళ్ళు మూసుకునేదాకా ఆగి వెలిగించడం ఈ పనిలో మొట్టమొదటి పాఠం. ఆయన ఆగలేదు. నా మొహానికి మాస్కు లేదు. నేనే తల తిప్పుకోవాల్సి వచ్చింది.