ఐమూలగా కోసిన పలక

అడ్డంగా ఒక రేడియో అల, నిలువుగా ఒక రేడియో అల. రెండూ ఒకే పలక మీద, ఒకే చోట, ఒకదాన్నొకటి దాటిపోవాలి. దాటినట్టు ఒకదానికొకటి తెలియకూడదు.

చెల్లి గీసిన సర్క్యూట్ పని అదే. కింది ఫ్రీక్వెన్సీ బ్యాండులో చక్కగా చేస్తోంది. పై బ్యాండులో మాత్రం తెర మీది ఆకుపచ్చ గీత తలెత్తుకుని నిలబడింది. ఒక దారిలో పోవాల్సిన అల పక్క దారిలోకి కారుతోంది.

"ఇంకా కారుతోందా?" వర్క్‌షాప్ నడిపే అక్క గుమ్మంలోంచే అడిగింది.

"కొంచెం."

"నీ కొంచెం నాకు తెలీదా! చిన్నప్పుడు కొంచెమే తిన్నానంటూ గిన్నె ఖాళీ చేసేదానివి."

సాయంత్రానికి ఈ రేడియో పెట్టె రక్షణ పడవ ఎక్కాలి. ఆ పడవ నడిపేది బావ. కింది బ్యాండులో అతని మాట వస్తుంది. పైదానిలో పడవ ఎక్కడుందో తెలుస్తుంది. పాత పెట్టెలో రెండు దారులు దాటే చోట సన్నని తీగ వంతెన ఉండేది. కెరటాల కుదుపుకి అది తెగింది. ఒక పూటంతా బావ సముద్రంలో ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. ఆ పూట గురించి అక్క ఎప్పుడూ మాట్లాడదు.

"ఒక్క పలకే మిగిలింది," అంది అక్క. "మళ్లీ వంతెనే వేద్దాం. ఈసారి లావు తీగతో."

"భోజనాల దాకా ఆగక్కా."

"ఆగుతా. ఆ తర్వాత నన్ను తిట్టుకోకు."

చెల్లి కొలతల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గోడల నిండా, పైకప్పు నిండా నీలం ఫోమ్ శంకువులు. అక్కడ గోడను తాకిన అల తిరిగి రాదు. మాటా మారుమోగదు. నేల మీద పడుకుంటే చెవుల్లో తన నెత్తురు పారుతున్న చప్పుడే వినిపించింది.

కళ్లు మూతపడ్డాయో లేదో, తనే అల అయిపోయింది.

మెటామెటీరియల్ గీతలోకి అడుగు పెట్టింది. మామూలు రాగి గీత కాదది. దారి పొడవునా బుల్లి కెపాసిటర్లు, పలక అడుగుకు దిగే బుల్లి తీగచుట్టలు. తను ముందుకే పోతోంది, అడుగులు మాత్రం వెనక్కి పడుతున్నాయి. ఆ వెనకడుగుల పుణ్యమా అని ఒకే గీతను రెండు బ్యాండులకూ సరిపెట్టగలిగింది.

కూడలి వచ్చింది. తను రెండుగా చీలింది. పక్క దారి మొదట్లో రెండు సగాలూ ఒకేసారి కలుసుకుని, ఒకదాన్నొకటి చెరిపేసుకోవాలి. ఒక సగం ఆలస్యంగా వచ్చింది.

"ఎక్కడ పెత్తనాలు చేసొస్తున్నావే?" ముందొచ్చిన సగం అడిగింది.

"నా దారంతా గరుకు. దారాలు కాళ్లకు తగులుతున్నాయి."

కిందికి చూసింది. పలక లోపల గాజు దారాల నేత. నిలువు దారాలు బిగువుగా, అడ్డదారాలు వదులుగా.

చటుక్కున లేచి కూర్చుంది.

తను గీసింది సర్క్యూట్‌లో పావు భాగమే. మిగతాది అద్దంలో బొమ్మలా కంప్యూటర్ తిప్పి అతికించింది. కంప్యూటర్‌లో పలకకు అడ్డమూ నిలువూ ఒకటే. చేతిలోది మాత్రం నేసిన బట్ట. కింది బ్యాండు పొడవాటి అల ఆ తేడాను పట్టించుకోలేదు. పై బ్యాండు పొట్టి అల పట్టించుకుంది.

"అక్కా, పలకను ఐమూలగా కోద్దాం. రెండు దారులూ దారాలను ఒకేలా దాటుతాయి," అంది గదిలోంచి పరిగెత్తుకొచ్చి.

"ఐమూలగా కోస్తే ఒక్క ముక్కే వస్తుంది. అది చెడితే వంతెనకీ పలక ఉండదు. దారాల సంగతి ఎవరు చెప్పారు?"

"పడుకుంటే తెలిసింది."

"పని వేళలో పడుకున్నదిగాక, గొప్పగా చెప్తోంది!"

చెల్లి పాత పలక తుక్కు ముక్కను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. నేత కనిపించింది. అక్క చాలాసేపు చూసింది.

"అది మీ బావ పడవే," అంది నెమ్మదిగా.

"అందుకే అడుగుతున్నా."

అక్క పలకను మిషన్ మీద తనే ఐమూలగా తిప్పి బిగించింది.

తెల్లటి పొడి లేచింది. చెల్లి టంకం పెట్టింది, కేబుళ్లు బిగించింది. కింది బ్యాండులో గీత అడుగునే ఉంది. పై బ్యాండులో నీళ్లలో వదిలిన రాయిలా మునిగిపోయింది. అక్క పలకను పట్టుకుని పడవలా ఊపింది. గీత పైకి తేలలేదు.

పెట్టె పడవెక్కి వెళ్లింది. పొద్దు వాలే వేళకు స్పీకరులో బావ గొంతు గరగరలాడింది.

"ఏం, అక్కాచెల్లెళ్లు తిన్నారా?"

తెరిచి చూడని రెండు క్యారేజీలు బల్ల మీదే ఉన్నాయి. అక్క తెర మీద సముద్రపు నీలంలో కదులుతున్న పడవ చుక్క మీద వేలు పెట్టి, అది ఎటు పోతే అటు జరుపుతూ కూర్చుంది.