అందాజ లెక్క

చీర అంచుకు గమ్ముతో రాళ్లు అంటిస్తూ భాగ్యలక్ష్మి నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడుతోంది. కరోనాతో బడి మూతపడి ఏడాది దాటింది. ఐదో తరగతి చదివే కూతురు సంతోషికి టీచరు ఫోన్లో పని పెట్టింది. ఇంటి నెల ఖర్చు ముందు అంచనా వేయాలి, తర్వాత సరిచూసుకోవాలి. "మీ అమ్మకు లెక్కలేం తెలుస్తయ్, నేను చెప్త రాస్కో" అంటూ తండ్రి పరమేశ్ మఠం వేసుకుని కూర్చున్నాడు.

"బియ్యం పది కిలోలు."

"అందాజ అంటే గాలిల ఏసుడు కాదు బిడ్డా" అంది భాగ్యలక్ష్మి తలెత్తకుండానే. "మనకు దినానికి మూడు గ్లాసులు. కిలోకు ఐదు గ్లాసులు. ఇగ నువ్వే చూడు."

సంతోషి వేళ్లు మడిచింది. "పద్దెనిమిది కిలోలు. బాపు చెప్పినట్టయితే పదిహేడో తారీఖుకే ఒడుస్తయ్."

పరమేశ్ కూడా నవ్వేశాడు పాపం. నూనె, గ్యాసు, వలస వచ్చిన ఈ డిండోలిలో గది కిరాయి, అన్నీ ఆమె అలాగే లెక్క కట్టించింది. ఇన్నేళ్లూ పొయ్యి ముందు తనలో తాను వేసుకున్న లెక్కలు కూతురి నోట పలుకుతుంటే ఎంత గర్వంగా ఉందో.

"ఖర్చు పదమూడు వేల ఎనిమిది వందల ఎనభై. బాపుకు వచ్చింది పదకొండు వేలు. ఎక్కడనో తప్పింది."

"తప్పలే. నేను రాళ్లంటించేటియి దినానికి ఎనిమిది చీరలు, చీరకు పన్నెండు రూపాయలు, ముప్పై దినాలు. అది గుడ కలుపు."

కలిపితే అణా పైసలతో సహా సరిపోయింది.

పరమేశ్ ముఖం మాడింది. మరమగ్గం మనిషి, మీటరుకింత అని కూలి తీసుకునేవాడు. మీటరు పడనిది పనే కాదని అతని నమ్మకం. "ఉత్తగ కూసున్నప్పుడు చేసే టైంపాసుకు లెక్కేంది" అని ఎన్నిసార్లు అన్నాడో. ఇప్పుడు రబ్బరు అందుకున్నాడు. "అది చెరిపి మొత్తం నా పేరు మీదనే రాయి. పెండ్లాం సంపాదన తింటున్నడని అనుకుంటది మీ టీచరు."

మామూలుగా అయితే ఆమె ఊరుకునేదే. మగవాడి పరువు కదా అని ప్రతి నెలా ఊరుకుంది. ఈసారి ఊరుకుంటే బిడ్డ తప్పు లెక్క నేర్చుకుంటుంది, అదీ తల్లి కళ్ల ముందే. ఒళ్లు మండిపోయింది. గమ్ము చేత్తోనే రబ్బరు లాగేసుకుంది.

"చెరిపితే పోరి మార్కులు పోతయ్" అంది నెమ్మదిగా. రబ్బరు ఒళ్లో పెట్టుకుని సంతోషి వైపు తిరిగింది.

"ఇంకో గీత కొట్టు బిడ్డా. వంట, బోళ్లు, బట్టలు, నీళ్లు. దినానికి ఎన్ని గంటలో అందాజ ఏసి రాయి. రేటు మీ బాపు చెప్తడు."