పొట్ట మెత్తగా ఉంది

మానసిక వైద్యంలో పట్టా చేతికి రావాలంటే చివరి పరీక్షలో ఒక రోగి ముందు గంటసేపు కూర్చోవాలి. అతని కథంతా అడిగి రాసుకుని, తర్వాత పరీక్షకుల ముందు అప్పజెప్పాలి. ఎవరికి ఏ రోగి వస్తారన్నది అదృష్టం. మా ఆసుపత్రిలో అందరూ కోరుకునే రోగి ఒక్కరే, గడియారం మాస్టారు.

ఆయన మాస్టారేమీ కాదు. ఒకప్పుడు వాచీలు బాగుచేసేవారు. ఇరవై ఏళ్ళ కిందట, తన పొట్టలో ఎవరో గడియారం పెట్టారనీ, అది టిక్కుటిక్కుమంటూ తనని ఆడిస్తోందనీ చెప్పి దుకాణం మూసేశారు. అప్పటినుంచి చెల్లెలి ఇంటికీ మా వార్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. పరీక్షలంటే ఆయనకి కొట్టిన పిండి. జబ్బు ఏ నెలలో మొదలైంది, ఏయే మందులు వాడారు, ఏది మానేశారు, అన్నీ మనం రాసుకునే వేగంలో చెప్తారు. ఏదైనా అడగడం మరిచిపోతే, "నిద్ర సంగతి అడగలేదు డాక్టరమ్మా, దానికి రెండు మార్కులుంటాయి" అని గుర్తుచేస్తారు. అందుకే మాస్టారయ్యారు. ఆయన ఫీజు ఒక బిస్కెట్ ప్యాకెట్. అది తిన్నాకే నోరు విప్పేది.

నాకది రెండో ప్రయత్నం. మొదటిసారి ఎందుకు తప్పానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఈ చదువుకి రాకముందు ఆరేళ్ళు ఒక చిన్న క్లినిక్కులో జ్వరాలూ కడుపునొప్పులూ చూశాను. ఎవరైనా పడుకుని కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే పొట్ట మీదకి పోయేది. నిరుడు పరీక్షలో నాకిచ్చిన ముసలావిడని తల నుంచి కాళ్ళదాకా చూసేసరికి ఇరవై నిమిషాలు హరించుకుపోయాయి. ఆవిడ ఆలోచనల గురించి అడగడం సగంలో ఉండగా గంట కొట్టారు. మా శాఖ పెద్దసారు అందరి ముందూ, "నువ్వు మనసు చదవడానికొచ్చావా, పొట్టలు పిసకడానికొచ్చావా?" అన్నారు. బయటినుంచి వచ్చిన పరీక్షకులు పడీపడీ నవ్వారు. తప్పించేశారు. ఆ ఏడాదంతా జూనియర్లు నా వెనకాల 'పొట్టల డాక్టరు' అంటూనే ఉన్నారు, నాకు వినపడదనుకుని. మూడోసారి రాయడానికి మా దగ్గర నియమాలు ఒప్పుకోవు. ఈసారి కూడా పోతే ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

పరీక్ష రోజు పొద్దున్న నా పేరు పక్కన గడియారం మాస్టారి పేరు చూసి ఎగిరి గంతేసినంత పని చేశాను.

వార్డు చివర్న ఒక గది. కిటికీకి ఇనప వల, ఒక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఎప్పుడూ కుర్చీలో నిటారుగా కూర్చుని ఎదురుచూసే మనిషి ఆ రోజు మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నారు. బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే తీసుకుని తలగడ కింద పెట్టేశారు.

"తినరా?"

"ఇవాళ వద్దమ్మా. లోపల చోటు లేదు."

గుమ్మంలో నిలబడ్డ పెద్ద సిస్టర్ నవ్వింది. "పరీక్షలొచ్చాయంటే ఈయన వేషాలు ఇంతే మేడమ్. పొద్దున కక్కాడు కూడా. మీరు కానివ్వండి." తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నేను కానిచ్చాను. నలభై నిమిషాలు అంతా సాఫీగా నడిచింది. మధ్యమధ్య ఆయన ఆగి ఊపిరి పీల్చుకుంటున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు. చివరికి అసలు ప్రశ్నకి వచ్చాను.

"ఏం మాస్టారూ, గడియారం ఏమంటోంది?"

"ఆగిపోయిందమ్మా."

నా పెన్ను ఆగింది. ఇరవై ఏళ్ళ ఫైలులో ఆ మాట ఎక్కడా లేదు.

"ఎప్పటినుంచి?"

"వారం దాటింది. మొదట నెమ్మదించింది. ఇప్పుడు అసలు చప్పుడే లేదు. లోపలికి పోయినవి పోయినట్టే ఉన్నాయి, ఒక్కటీ బయటికి రావట్లేదు. పొట్ట రాయైపోయింది. లోపల చచ్చిపోయానమ్మా."

నాకు ఒళ్ళు పులకరించింది. తన అవయవాలు ఆగిపోయాయని, తాను చచ్చిపోయానని నమ్మే రోగుల గురించి పుస్తకంలో చదవడమే గానీ, కళ్ళారా చూసినవాళ్ళు మా శాఖలో ఒకరిద్దరికి మించి ఉండరు. అలాంటిది పరీక్ష గదిలో నా ఎదురుగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది, సిగ్గులేకుండా. రోగి మాటని మార్చకుండా రాయాలని మాకు నేర్పుతారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, గుండ్రటి చేతిరాతతో రాసుకున్నాను.

ఆయన నా మెడలోని స్టెతస్కోపుకేసి చూపించారు. "అది ఉంది కదా, ఒక్కసారి పెట్టి విను. నాకు పిచ్చని రాసుకో, పర్లేదు. ముందు విను."

చేతి గడియారం చూసుకున్నాను. పదకొండు నిమిషాలున్నాయి. ఏ పరిస్థితిలో ఏం చేయాలో తెలుసా అని చూసే విచక్షణ పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

"వింటాను మాస్టారూ. ముందు ఇది చెప్పండి. దారిలో ఎవరిదో ఉత్తరం పడి ఉంది. అడ్రసు రాసుంది, స్టాంపు అంటించి ఉంది. ఏం చేస్తారు?"

ఆయన నన్ను కాసేపు చూశారు. ఆ ప్రశ్న ఆయనకి ఎన్నిసార్లు వేసి ఉంటారో.

"పోస్టులో వేస్తానమ్మా. ఎవరికి చెప్పుకున్నారో వాళ్ళకి చేరాలి కదా."

విచక్షణ బాగుంది, అని రాశాను.

గంట కొట్టారు. శరీర పరీక్ష గడి ఖాళీగా ఉంది. నిలబడే గబగబా నింపేశాను. పొట్ట మెత్తగా ఉంది. పేగుల చప్పుడు మామూలుగా ఉంది.

"వింటానన్నావు," అన్నారాయన.

"పరీక్ష కాగానే వస్తాను మాస్టారూ."

పరీక్షకుల ముందు నేను చెప్తూంటే గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. పెద్దసారు నన్ను ఆకాశానికెత్తేశారు. ఆఖర్న కొంటెగా, "ఇంతకీ పొట్ట చూశావా?" అన్నారు.

"చూశాను సార్. మెత్తగా ఉంది."

"ఎంతసేపు?"

"అర నిమిషం."

అందరూ నవ్వారు. "ఇప్పుడు నేర్చుకున్నావు," అన్నారు. ఆ సాయంత్రమే ఫలితం చెప్పారు. అందరిలోకీ నేనే మొదటిదాన్ని. మా ఆయనకి ఫోన్ చేశాను, ఇద్దరం కాసేపు ఏడ్చాం, ఇంటికి వెళ్ళిపోయాను. చివరి గదికి వెళ్ళాలన్న సంగతి గుర్తుకి కూడా రాలేదు.

మూడో రోజు పొద్దున్న గడియారం మాస్టారు పోయారు. పేగులు కదలడం మానేసి, ఉబ్బి, చిల్లిపడి, ఒళ్ళంతా విషమైంది. ఆయన వేసుకునే మాత్ర పేగుల్ని నిద్రపుచ్చగలదని మా పుస్తకంలోనే ఉంది. ఆ మాత్ర వాడేవాళ్ళకి రక్తకణాలు తగ్గుతాయేమోనని నెలనెలా రక్తపరీక్ష చేయిస్తాం. విరేచనం అయిందా అని మాత్రం ఎవరం అడగం, ఆ ప్రశ్నకి మార్కుల్లేవు.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు మీటింగ్ పెట్టారు. నా కాగితం బయటికి తీశారు. పరీక్ష నాటికి పొట్ట మెత్తగానే ఉందని స్పష్టంగా రాసుంది కాబట్టి జబ్బు ఆ తర్వాతే, ఉన్నట్టుండి వచ్చిందని తేల్చారు. సిస్టర్‌ తప్పు లేదు, వార్డు డాక్టర్ల తప్పు లేదు. నా అబద్ధం అందర్నీ గట్టెక్కించింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. కేసు ఎలా రాయాలో చూసి నేర్చుకొమ్మని పెద్దసారు ఆ కాగితాన్ని జూనియర్లకి జిరాక్సు తీయించి ఇచ్చారు కూడా.

మాస్టారు పోయిన వారానికి ఆయన చెల్లెలు సామాన్ల కోసం వచ్చింది. అరవై దాటిన మనిషి. నా బల్ల ముందు కూర్చుని, సిస్టర్ ఇచ్చిన సంచీ ఒళ్ళో పెట్టుకుంది. రెండు చొక్కాలు, కంటికి పెట్టుకుని వాచీలు చూసే భూతద్దం, విప్పని బిస్కెట్ ప్యాకెట్.

"మీ పరీక్ష రోజు మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు డాక్టరమ్మా. ముందు రోజు కడుపునొప్పంటే, వేరే ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. నువ్వు రావద్దులే అన్నాడు. ఎవరో డాక్టరమ్మ గంటసేపు కూర్చుందట, చెప్పిందంతా రాసుకుందట. మళ్ళీ వచ్చి వింటానందట. బిస్కెట్లు కూడా ఇచ్చిందట." సంచీ మూతి ముడిచి పట్టుకుంది. "అది మీరేనటగా?"

"నేనేనండీ."

"అంతా బాగానే ఉందని మీరు రాశారని పెద్దసారు చెప్పారు. నాకోసారి చదివి వినిపిస్తారా?"

జిరాక్సు కాపీ సొరుగులోనే ఉంది. తీసి చదివాను. ఆయన మాటలు ఆయన గొంతులోలాగే వచ్చాయి. లోపల చచ్చిపోయానమ్మా అన్నచోట ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆఖరి గడికి వచ్చాను. పొట్ట మెత్తగా ఉంది. పేగుల చప్పుడు మామూలుగా ఉంది.

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "అయితే విన్నారన్నమాట. అప్పటికి బాగానే ఉందన్నమాట. నేను తీసుకెళ్ళినా ఏం తెలిసేది కాదు." మొహం కాస్త తేటపడింది. "ఈ వారంగా కంటిమీద కునుకు లేదమ్మా, రావద్దన్నాడని నిజంగానే ఆగిపోయానే అని."

అక్కడితో వదిలేస్తే ఆవిడకి నిద్ర పట్టేది. నా పట్టాకీ ఢోకా ఉండేది కాదు. కానీ ఇరవై ఏళ్ళలో ఆ మనిషి నిజంగా అడిగింది ఒక్కటే, దాన్ని నేను రెండోసారి పాతిపెట్టలేకపోయాను.

"వినలేదండీ," అన్నాను.

"ఏంటమ్మా?"

"చెయ్యి కూడా వెయ్యలేదు. చూడకుండానే రాసేశాను. నాకు టైము చాల్లేదు."

ఆవిడ నా మెడలో ఉన్న స్టెతస్కోపుని చూసింది.

"వింటే తెలిసేదా?"

"తెలిసేదండీ."

"ఆ రోజే తీసుకెళ్తే?"

బతికేవారే. తలూపాను.

ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి బిస్కెట్ ప్యాకెట్ తీసి, నా కాగితం మీద పెట్టింది.

"అన్నయ్య తినలేదు. మీదే, తీసుకోండి," అని లేచి వెళ్ళిపోయింది.